శాస్త్రవేత్తలకు మాత్రమే

మామిడిపల్లి

మా ఇంటి వెనక పెట్టె పాతిపోయిన పెద్దసారుకు, జంగయ్య గారి కోడలు శిరీష నమస్కరించి రాయునది.

మీ పేరు తెలియదు, అందుకే ఇలా మొదలుపెట్టాను. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఏదున్నా కాగితం మీద రాసి పంపండమ్మా" అని పెట్టేశారు. నాకూ ఫోన్లో మాట్లాడడం కంటే ఇదే నయం.

మొన్న మీవాళ్ళు జీపులో వచ్చి, మా మామయ్యకు శాలువా కప్పి, సంతకం పెట్టించుకుని, ఇంటి వెనక జాగాలో గొయ్యి తీసి, మూత పైకి కనబడేలా ఒక పెట్టె పాతారు. దాని చుట్టుపక్కల ఎక్కడా తవ్వకూడదన్నారు. మా మామయ్యకు శాలువా కప్పడం అదే మొదటిసారి. ఆ ఊపులో ఇల్లు అడిగినా రాసిచ్చేవారే.

కష్టమేమిటంటే, మీరు పెట్టె పాతింది మా బాత్రూంలో. అంటే, ఇంకా కట్టని బాత్రూంలో. పెళ్ళిచూపులనాడు మా అమ్మ అడిగితే, "బాత్రూం కడుతనే ఉన్నం వదినా" అని మా అత్తమ్మ చెప్పింది. నేను కాపురానికి వచ్చాక కూడా కడుతూనే ఉన్నారు. ఎట్టకేలకు ఈ వానలకు ముందు ఇటుకలు దిగాయి, ఇసుక దిగింది, మేస్త్రీ వచ్చి నాలుగు గోడలకు ముగ్గు పోసిపోయాడు. మీవాళ్ళు ఆ ముగ్గు చూసి, తమ కోసమే గుర్తు పెట్టి ఉంచామనుకుని సరిగ్గా దాని నడుమ పాతారు.

సర్కారు కట్టించిన లెట్రిన్ ఒకటి ఉంది. అందులో మా మామయ్య యూరియా బస్తాలు, కాలిపోయిన మోటారు పెట్టి తాళం వేశారు. "బస్తాలు తడిస్తే ఖరాబైతయి, మనుషులు తడిస్తే ఆరుతరు" అంటారు. అందుకని పొద్దున్నే పక్కింటి మసర్రత్ అక్క వాళ్ళింటికి పోతాం. స్నానం ఇంటి వెనక బండ మీద, చీర అడ్డం కట్టుకుని. మా ఆయన ఎయిర్‌పోర్టులో బాత్రూంలు కడిగించే సూపర్‌వైజరు. అక్కడ కొళాయి కింద చెయ్యి పెడితే చాలు, నీళ్ళు వాటంతటవే వస్తాయట. ఆయన చెబుతుంటే అత్తమ్మా నేనూ కథ విన్నట్టు వింటాం.

ఇంకొకటి అడగడానికే సిగ్గుగా ఉంది. పెట్టె పాతినాయన "ఇది భూమి లోపలి ఫోటో తీస్తుంది" అన్నాడు. లోపలిది తీసేదానికి పైది తీయడం ఎంతసేపు? ఆ రోజు నుంచి మేమెవరం అటు కాలు పెట్టడం లేదు. పెట్టె మీద కోళ్ళ గంప బోర్లించాం. వంటింట్లో పొయ్యి పక్కన నాలుగు చెంబులు పోసుకుని స్నానం అయిందనిపిస్తున్నాం. దయచేసి పెట్టెను గోడవారకు జరపండి.

ఇట్లు,
మీ పెట్టెకు ముఖం చాటేసిన
శిరీష

తా.క.: పాతిన రోజున పెట్టె తన ఫోటో తీసిందా అని మా అత్తమ్మ ఈరమ్మ అడగమంటోంది. ఆ రోజు ఆమె చిరిగిన చీరలో ఉందట. తీసి ఉంటే అది చింపేయండి, బోనాల చీర కట్టుకుని మళ్ళీ నిలబడుతుంది.

*

భూగర్భ చిత్రణ పరిశోధన కేంద్రం, హైదరాబాద్

శ్రీమతి శిరీష గారికి, కేంద్రం సీనియర్ శాస్త్రవేత్త ఉదయభాస్కర్ శుభాకాంక్షలతో వ్రాయునది.

మీ లేఖ అందింది. విజ్ఞానశాస్త్రం పట్ల మీ కుటుంబం చూపుతున్న ఆసక్తికి అభినందనలు.

అది కెమెరా కాదు. నేలలోని అతి సూక్ష్మమైన కదలికలను వినే పరికరం. విమానాలు దిగినప్పుడు, రహదారిపై లారీలు పరుగెత్తినప్పుడు పుట్టే అదురు రాళ్ళగుండా ప్రయాణిస్తుంది. అనేక చోట్ల విన్న ఆ అదురునంతా కలిపి మా కంప్యూటరు నేల లోపలి బొమ్మ గీస్తుంది. డాక్టరు వీపు మీద తట్టి విన్నట్టే. ఎక్కడ రాయి బీటలు వారింది, ఎక్కడ భూగర్భజలం తగ్గింది, అన్నీ తవ్వకుండానే తెలుస్తాయి.

ఇక సంతోషకరమైన విషయం. జిల్లాలో మేము పాతిన పరికరాలన్నిటిలోకీ మీ ఇంటిదే అత్యంత నిశ్శబ్దంగా ఉంది. మిగతా చోట్ల గేదెలు, మోటార్లు, పిల్లల పరుగులు. మీ వద్ద అడుగుల చప్పుడే లేదు. మీరేం చేస్తున్నారో మాకు తెలియదు కానీ, అదే కొనసాగించండి.

పరికరాన్ని జరపమన్న మీ విన్నపాన్ని సంబంధిత విభాగానికి పంపాను. ఆ విభాగానికి అధిపతిని నేనే కనుక, నా నుంచి నాకు అభిప్రాయం అందిన వెంటనే తెలియజేస్తాను.

భవదీయుడు,
ఉదయభాస్కర్

తా.క.: కోళ్ళ గంప ఆలోచన అద్భుతం. గాలి పరికరాన్ని తాకకుండా ఆపుతోంది. నివేదికలో దానిని "స్థానిక వెదురు వాయుకవచం"గా పేర్కొన్నాం. మిగతా చోట్లకు కూడా కొనేందుకు టెండరు పిలుస్తున్నాం.

*

మామిడిపల్లి

ఉదయభాస్కర్ సార్ గారికి శిరీష నమస్కారాలు.

కెమెరా కాదని తెలిసి నా గుండె కుదుటపడింది. మీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని మా అత్తమ్మ, "వింటదట! మరి నేను నిన్ను తిట్టినయి గూడ వింటదా?" అంది. నేను వింటుంది అనలేదు, వినదు అనలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో నా మీద ఒక్క తిట్టు పడలేదు. ఇందుకు మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

మా మామయ్య దగ్గు వస్తే వీధి చివరకు పోయి దగ్గి వస్తున్నారు. శాలువా కప్పినవాళ్ళకు ఆమాత్రం మర్యాద ఇవ్వాలట. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బండిని సందు మొదట్లోనే ఆపి తోసుకొస్తున్నారు. కోళ్ళను మసర్రత్ అక్క వాళ్ళింటికి పంపేశాం.

కానీ సార్, బాత్రూం సంగతి మీరు తేల్చలేదు. వానకు ఇటుకలకు పాకుడు పట్టింది. ఇసుక మీద పిల్లులు కాపురం పెట్టాయి. మేస్త్రీ వచ్చి చూసి, "ముగ్గులో పెట్టె మొలిచిందేంది?" అని నవ్వి వేరే పనికి పోయాడు. తొందరగా మీ నుంచి మీకు అభిప్రాయం వచ్చేలా చూడండి. మామయ్య ఆ లోపలి బొమ్మ ఎలా ఉంటుందో చూడాలంటున్నారు.

ఇట్లు,
పొయ్యి పక్కన తడుస్తున్న
శిరీష

తా.క.: మసర్రత్ అక్క భర్త ఖదీర్ అన్న గురక మా గోడ దాటి వస్తుంది. దాన్ని మా ఖాతాలో రాయకండి.

*

భూగర్భ చిత్రణ పరిశోధన కేంద్రం, హైదరాబాద్

నిశ్శబ్ద సేవకురాలు శ్రీమతి శిరీష గారికి ఉదయభాస్కర్ హృదయపూర్వక అభినందనలు.

మీ గత లేఖ తర్వాత నిశ్శబ్దం మరింత పెరిగింది! మా సిబ్బంది పరికరం చెడిపోయిందేమోనని భయపడ్డారు. నేను మాత్రం నమ్మకం కోల్పోలేదు.

మీ విన్నపంపై నాకు నా అభిప్రాయం అందింది. ఇంతటి నిశ్శబ్దం మరెక్కడా దొరకదు కాబట్టి పరికరాన్ని జరపడం కుదరదు. పైగా మీ పెరటిని "ప్రథమ శ్రేణి నిశ్శబ్ద కేంద్రం"గా గుర్తించి, పరికరాన్ని శాశ్వతంగా అక్కడే ఉంచాలని నిర్ణయించాం. ఆ స్థలంలో నివాసితులు ఎలాంటి నిర్మాణమూ చేపట్టరాదు. ఈ గౌరవం మీ కుటుంబానికి గర్వకారణమని భావిస్తున్నాను.

మీ మామగారు కోరినట్టు మీ వీధి భూగర్భ చిత్రాన్ని రంగుల్లో జతపరిచాను.

భవదీయుడు,
ఉదయభాస్కర్

తా.క.: బొమ్మను గోడకు తగిలించుకోవచ్చు. అయితే మేకు కొట్టేటప్పుడు చప్పుడు చేయకండి.

*

మామిడిపల్లి

ఉదయభాస్కర్ సార్ గారికి, గర్వపడడం చేతకాక శిరీష రాస్తున్న ఉత్తరం.

మీ బొమ్మ చూడడానికి వాడంతా వచ్చింది. మా ఇంటి కింద ఎరుపు, ఖదీర్ అన్న ఇంటి కింద నీలం. మా మామయ్య చూడగానే, "నీలమంటే నీళ్ళే. మన నీళ్ళన్ని పక్కింటి బాజుకు మలిపిండ్రు" అని తల పట్టుకున్నారు. ఖదీర్ అన్న, "అరె జంగన్నా, పరేషాన్ ఎందుకు? ఎర్రగ ఉందంటే నీ కింద రాగి గిట్ల ఉంటది. నువ్వే సేటువి" అన్నాడు. "గట్లయితే ఇండ్లు మార్చుకుందం, దా!" అన్నారు మామయ్య. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రంగులు వేసేది కంప్యూటరే కదా, మాకు కూడా జర నీలం వేస్తే దాని సొమ్మేం పోయిందని మామయ్య అడుగుతున్నారు.

ఇక నా సంగతి. మీ పెట్టెకు భయపడి మేం అడుగు వేయలేదు. అడుగు వేయలేదు కాబట్టి నిశ్శబ్దమన్నారు. నిశ్శబ్దం కాబట్టి పెట్టె తీయనంటున్నారు. మీ ఉత్తరం చదివాక అత్తమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "మనం మర్యాదకు పోతే బాత్రూం పోయింది గదనే" అంది ఆమె.

అందుకని దాచకుండా చెబుతున్నాను. బతుకమ్మ పండుగ వచ్చింది. ఏటా బడి ముందర ఆడతాం. ఈసారి మా ఇంటి వెనకే, మీ పెట్టె చుట్టూ. రోజూ పొద్దుగూకగానే రెండు వాడల ఆడవాళ్ళం చేరి, చప్పట్లు కొట్టి, కాళ్ళు గట్టిగా నేలకు కొట్టి ఆడుతున్నాం. మసర్రత్ అక్క గోడ మీద కూర్చుని రోకలితో తాళం వేస్తోంది. నలుగురిలో గొంతు పెగలని నేను కూడా పాడుతున్నాను. ఇప్పుడు మాది నిశ్శబ్ద కేంద్రం కాదు. వచ్చి పెట్టె తీసుకుపోండి.

ఇట్లు,
గొంతు బొంగురుపోయిన
శిరీష

తా.క.: అత్తమ్మ తిట్లు మళ్ళీ మొదలుపెట్టింది. బాగా వినపడాలని నన్ను పెట్టె పక్కన నిలబెట్టి మరీ తిడుతోంది. బాత్రూం కోసమే కనుక ఓర్చుకుంటున్నాను.

*

భూగర్భ చిత్రణ పరిశోధన కేంద్రం, హైదరాబాద్

చరిత్రకెక్కనున్న గృహిణి శ్రీమతి శిరీష గారికి ఉదయభాస్కర్ ఉద్వేగంతో వ్రాయునది.

మీ పెరటి కింద భూమి కదులుతోంది! రోజూ సాయంకాలం మొదలై, మెల్లగా ఊపందుకుని, ఒకే లయలో సాగి, ఒక్కసారిగా ఆగిపోతోంది. ఇంత క్రమమైన కదలిక ప్రపంచంలో ఎక్కడా నమోదు కాలేదు. రాతి పగుళ్ళలో నీరు ఊపిరి తీసుకున్నట్టు కదలడం వల్ల పుడుతున్నదని నా నిర్ధారణ. దీనికి "మామిడిపల్లి లయ" అని పేరు పెట్టి, విదేశీ పత్రికకు వ్యాసం పంపాను. వాళ్ళు అంగీకరించారు కూడా.

మీరు నిష్కపటంగా చప్పట్ల సంగతి వ్రాశారు. కంగారు పడకండి. మా సాఫ్ట్‌వేరు మనుషులు చేసే చప్పుళ్ళన్నిటినీ ముందే తీసివేస్తుంది. మిగిలినదంతా భూమిదే. ఇది కేంద్రం అధికారిక వైఖరి. ఇందులో మీ పాత్ర ఏమీ లేదు.

ఈ అద్భుతాన్ని స్వయంగా చూడడానికి మా డైరెక్టర్ డాక్టర్ సంయుక్త మేడమ్ గారు, కమిటీ సభ్యులు ఢిల్లీ నుంచి వస్తున్నారు. సిద్ధంగా ఉండండి.

భవదీయుడు,
ఉదయభాస్కర్

తా.క.: మేడమ్ గారికి ఎండ పడదు. కొబ్బరినీళ్ళు, మజ్జిగ, చక్కెర లేని టీ ధారాళంగా ఏర్పాటు చేయండి.

*

మామిడిపల్లి

ఉదయభాస్కర్ సార్ గారికి శిరీష నమస్కారాలు.

నిన్న మీరూ ఇక్కడే ఉన్నారు. కానీ మీరు పెట్టె వైపు చూస్తున్నారు. మా వైపు నుంచి ఏం కనిపించిందో రాస్తాను.

మీ కార్లు ఎయిర్‌పోర్టు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని చాలా ఆలస్యంగా వచ్చాయి. మీరు ధారాళంగా అని రాశారు కదా, మా అత్తమ్మ ధారాళంగానే పోసింది. కొబ్బరినీళ్ళు తాగేదాకా మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడింది, మజ్జిగ తాగేదాకా టీ పట్టుకుని నిలబడింది.

మేడమ్ గారు పెట్టె ముందు నిలబడి మీరు చెప్పేది విన్నారు. కాసేపటికి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారారు. మళ్ళీ మారారు. మీరు కమిటీ వాళ్ళతో, "చూడండి, మేడమ్ గారి పాదాలకు లయ తెలుస్తోంది!" అన్నారు.

అప్పుడు మేడమ్ గారు నా దగ్గరకు వచ్చి చెవిలో, "వాష్‌రూం ఎటువైపమ్మా?" అని అడిగారు. మా అత్తమ్మే చెప్పింది: "అగో, మీవాళ్ళు పెట్టె పాతిండ్రు సూడు మేడమ్, గదే మా బాత్రూం."

మామయ్య పరుగున పోయి లెట్రిన్ తాళం తీశారు. తలుపు తెరవగానే యూరియా బస్తా జారి మేడమ్ గారి చెప్పుల ముందు పడింది. మసర్రత్ అక్క వాళ్ళింటికి పరుగెత్తాను. తాళం ఉంది, వాళ్ళంతా పహాడీ షరీఫ్ దర్గాకు పోయారు.

"ఎయిర్‌పోర్టు ఇంత దగ్గరుందిగా! అక్కడ ఎన్ని లేవు!" అన్నారు మీరు.

"టికెట్ లేంది లోపలికి పోనియ్యరు సార్" అన్నారు మా ఆయన.

మీరు వెంటనే ఫోన్ తీసి విజయవాడకు టికెట్ వెతకడం మొదలుపెట్టారు. మేడమ్ గారు మీ వైపు చూసిన చూపు మీరు చూడలేదు.

"గదంత ఎందుకు మేడమ్, మేమిద్దరం చీర అడ్డం పట్టుకుంటం, నువ్వేం ఫికర్ చెయ్యకు" అంది అత్తమ్మ. మేడమ్ గారు సరేనని చీర వెనక్కి వచ్చారు. వచ్చాక ఏదో గుర్తొచ్చినట్టు చీర పైనుంచి తల పెట్టి, "ఉదయభాస్కర్, ఇప్పుడు ఇక్కడ జరిగేదంతా రికార్డవుతుందా?" అని అడిగారు.

"ప్రతి చిన్న బొట్టూ అవుతుంది మేడమ్!" అన్నారు మీరు గర్వంగా.

"ఎన్నాళ్ళు ఉంచుతారు?"

"శాశ్వతంగా మేడమ్. ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఉచితంగా దించుకోవచ్చు."

మేడమ్ గారు చీర పక్కకు తోసి, వచ్చినట్టే పోయి కారెక్కారు. శ్రీశైలం రోడ్డు మీద ఒక బంకులో తాళమట, ఇంకో బంకులో నీళ్ళు లేవట, చివరికి కందుకూరు దాకా పోయారని డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. కమిటీ అక్కడితో అయిపోయింది.

ఎగతాళికి రాయడం లేదు సార్. నిన్న మేడమ్ గారి ముఖం చూసి మీరంతా ఎంత హైరానా పడ్డారో చూశాను. మా ఇంట్లో ఆ ముఖం రోజూ ఉండేదే. కమిటీ రాలేదు అంతే.

ఇట్లు,
చీర అడ్డం పట్టుకున్న
శిరీష

తా.క.: మేడమ్ గారు మళ్ళీ వస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వద్దని మా అత్తమ్మ నిర్ణయించింది. కోపంతో కాదు, జాలితో.

*

భూగర్భ చిత్రణ పరిశోధన కేంద్రం, హైదరాబాద్

శ్రీమతి శిరీష గారికి ఉదయభాస్కర్ నమస్కారం.

కమిటీ తన పర్యటనలో మీ పెరట్లో ఒక తీవ్రమైన లోపాన్ని కనిపెట్టింది. అక్కడ పరిశోధకులకు సౌకర్య గది లేదు. ఇంతకాలం ఈ విషయాన్ని ఎవరూ మా దృష్టికి తేకపోవడం విచారకరం.

అత్యవసర నిధి నుంచి వెంటనే గది మంజూరైంది. కాంట్రాక్టరు జగన్ రేపటి నుంచే పని మొదలుపెడతాడు. తవ్వకూడదన్న నిబంధన నివాసితులకు మాత్రమే వర్తిస్తుంది కనుక ఇబ్బంది లేదు. మీ ఇటుకలు, ఇసుక అక్కడే సిద్ధంగా ఉన్నందున వాటిని స్థానికుల విరాళంగా స్వీకరిస్తున్నాం.

గదికి తాళం, "శాస్త్రవేత్తలకు మాత్రమే" అనే బోర్డు ఉంటాయి. శాస్త్రవేత్తలు కాని వారు వాడరాదు.

భవదీయుడు,
ఉదయభాస్కర్

తా.క.: విరాళానికి కృతజ్ఞతగా మీ మామగారికి మరో శాలువా పంపుతున్నాం.

*

మామిడిపల్లి

ఉదయభాస్కర్ సార్ గారికి, ఇటుకల దాత కోడలు శిరీష నమస్కారాలు.

పెట్టె పక్కనే గది పూర్తయింది. పాలరాయి లాంటి టైల్సు, గీజరు, కుర్చీలా కూర్చునే కమోడు, చెయ్యి పెడితే నీళ్ళు వచ్చే కొళాయి. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, "మా ఎయిర్‌పోర్టు లెక్కనే కట్టిండ్రు" అని కళ్ళు తుడుచుకున్నారు. అత్తమ్మ మాత్రం, "జాగ మనది, ఇటుకలు మనయి, ఇసుక మనది. గా బోర్డొక్కటే వాళ్ళది" అంది.

మీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. తాళానికి రెండు చెవులు ఉంటే జగన్ ఒకటి మీకు పంపి, రెండోది మా అత్తమ్మకు ఇచ్చాడు. "అత్తా, పని పచ్చిది. గోడలకు, గచ్చుకు రోజూ నీళ్ళు పట్టాలె. లేకుంటే పగుళ్ళు ఇడుస్తయి" అన్నాడు. మీ గది పగలకుండా చూసుకునే బాధ్యత మాది. శ్రద్ధగా నీళ్ళు పడతామని మాట ఇస్తున్నాను.

ఇట్లు,
మీ గోడల సేవలో
శిరీష

తా.క.: కొత్త శాలువా అందింది. పాత శాలువాను అత్తమ్మ ఆ గది కిటికీకి పరదాగా కట్టింది. నీళ్ళు పట్టేటప్పుడు గోడలకు సిగ్గవుతుందట.

*

భూగర్భ చిత్రణ పరిశోధన కేంద్రం, హైదరాబాద్

శ్రీమతి శిరీష గారికి తీవ్ర హెచ్చరిక.

మా పరికరం అబద్ధం చెప్పదు. రోజూ తెల్లవారగానే మీ ఇంటి నుంచి గది వరకు తేలికైన అడుగులు. గడియ వేసిన అదురు. చాలాసేపు నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ తర్వాత బరువైన అడుగులు, దగ్గు. ఆ తర్వాత మరొకరు. ఒకరు లోపలుండగా మరొకరు బయట నిలబడి తలుపు బాదడం కూడా స్పష్టంగా నమోదవుతోంది. నిన్న గదిలో ఎవరో ఏదో పాటకు బకెట్టు మీద తాళం వేశారు.

శాస్త్రవేత్తలు కాని వ్యక్తులు గదిని వాడుతున్నారని తేలితే దాన్ని కూల్చివేయవలసి వస్తుంది. వెంటనే సంజాయిషీ ఇవ్వండి.

ఉదయభాస్కర్

తా.క.: మీ ఇంట ఉండేది నలుగురే కదా. ఐదో వ్యక్తి ఎవరు?

*

మామిడిపల్లి

కోపంగా ఉన్న ఉదయభాస్కర్ సార్ గారికి శిరీష భయపడుతూ రాస్తున్న సంజాయిషీ.

కూల్చేస్తామన్న మాట చదివి నాకు అన్నం సహించలేదు. దయచేసి అంత పని చేయకండి.

నీళ్ళ సంగతి ముందే చెప్పాను. జగన్ రోజూ పట్టమన్నాడు, పడుతున్నాం. నీళ్ళు నేరుగా గచ్చు మీద పడాలా, దారిలో ఒక మనిషి మీద నుంచి పడవచ్చా అన్నది ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

అడుగుల సంగతే నాకు అర్థం కావడం లేదు సార్. మీ సాఫ్ట్‌వేరు మనుషుల చప్పుళ్ళన్నీ తీసేస్తుందని, మిగిలిందంతా భూమిదేనని మీరే రాశారు. కేంద్రం అధికారిక వైఖరి అన్నారు. మరి ఈ అడుగులు మావెలా అయ్యాయి? గడియ వేసింది భూమి కాదా? బకెట్టు కొట్టింది భూమి కాదా?

లేదు, ఇవి మా అడుగులే అంటారా, ఒప్పుకుంటాను. అప్పుడు బతుకమ్మ నాటి అడుగులు కూడా మావే అవుతాయి. మీ మామిడిపల్లి లయ రెండు వాడల ఆడవాళ్ళది అవుతుంది. మా అత్తమ్మ సంతోషంగా వచ్చి మీ కమిటీ ముందు ఆడి చూపిస్తానంటోంది.

రెండిట్లో ఏది నిజమో మీరు చదువుకున్నవారు, మీరే రాయండి. మీరు ఏది రాస్తే దాని మీద సంతకం పెడతాం. ఈ ఉత్తరం మేడమ్ గారికి, ఆ విదేశీ పత్రిక వాళ్ళకు కూడా ఒక్కో కాపీ పంపాలా అని మా ఆయన అడుగుతున్నారు. మీరు చెప్పేదాకా ఆగమన్నాను.

ఇట్లు,
మీ జవాబు కోసం తలుపు దగ్గర నిలబడ్డ
శిరీష

తా.క.: ఐదో మనిషి ఎవరో మాకూ తెలియదు. మసర్రత్ అక్కను అడిగాను. తనకూ తెలియదని చెప్పింది, తల తుడుచుకుంటూ.

*

భూగర్భ చిత్రణ పరిశోధన కేంద్రం, హైదరాబాద్

గౌరవనీయులైన శ్రీమతి శిరీష గారికి ఉదయభాస్కర్ వినయపూర్వకంగా వ్రాయునది.

మీ సంజాయిషీ అందిన వెంటనే సమాచారాన్నంతా పునఃపరిశీలించాం. ఆ గదిని ఇప్పటివరకు ఏ మనిషీ వాడలేదని కేంద్రం ఇందుమూలంగా ధ్రువీకరిస్తోంది.

ఉదయం వేళ నమోదవుతున్న అడుగులు, గడియ, నీళ్ళు, దగ్గు, తలుపు బాదుడు అన్నీ సహజమైన భూగర్భ ప్రక్రియలే. వీటికి "ప్రాతఃకాల జలప్రకంపన" అని పేరు పెట్టి రెండో వ్యాసం పంపాను. ఐదో ప్రకంపన పొరుగు రాతిపొర నుంచి వస్తున్నట్టు తేలింది. ఇంత విలువైన ప్రక్రియకు అంతరాయం కలగరాదు కనుక గదిని కూల్చే ఆలోచన శాశ్వతంగా విరమించాం. గోడలకు నీళ్ళు పట్టడం నిరవధికంగా కొనసాగించగలరు. కాపీలు ఎవరికీ పంపనవసరం లేదు.

మీ విధేయుడు,
ఉదయభాస్కర్

తా.క.: గురువారం డైరెక్టర్ మేడమ్ గారు మళ్ళీ వస్తున్నారు. ఆ ఒక్క రోజు భూగర్భం కాస్త పెందలాడే స్నానం ముగించుకుని, తడి తువ్వాళ్ళు, సబ్బుపెట్టె లోపలికి తీసుకుపోవలసిందిగా ప్రార్థన.